పావలా అమ్మవారి కుచ్చిళ్ళు

ఆ పావలాని ఏ మెషినూ ఒప్పుకోలేదు. వాషర్ నోట్లో వేస్తే ఉమ్మేసింది. డ్రయర్ నోట్లో వేస్తే అదీ ఉమ్మేసింది. సబ్బుపొడి అమ్మే డబ్బా మాత్రం ఉమ్మడానికి కూడా బద్ధకించి గొంతులోనే పెట్టుకుని కూర్చుంది. నేను వీపు మీద గట్టిగా చరిస్తే అప్పుడు వదిలింది.

డెబ్భై తొమ్మిదిలో, చెట్ల ఆకులు రంగు మారే రోజులవి. ఇలినాయ్‌లోని అరోరాలో ఒక లాండ్రోమాట్‌లో పనిచేసేదాన్ని. ఎవరి బట్టలు వాళ్ళు మోసుకొచ్చి, మెషిన్లో చిల్లర వేసి, ఉతుక్కుని పోయే కొట్టు అది. నోట్లకు చిల్లర ఇవ్వడం, నేల తుడవడం, ఒంటరి సాక్సు దొరికితే దాని జత వచ్చేదాకా కాపాడటం నా ఉద్యోగం. ఇంగ్లీషు నేను అక్కడే నేర్చుకున్నాను. అందుకే నా ఇంగ్లీషు సబ్బు వాసన వస్తుందని మా ఆయన అంటారు. బడిలో నాకు నేర్పే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. ఎనిమిదో తరగతి సగంలో మానేశాను. నేను చదువు మీద అలిగానని మా ఇంట్లో చెప్పుకునేవారు. చదువే నా మీద అలిగిందని మా లెక్కల మేష్టారు చెప్పుకునేవారు.

మా ఆయన మట్టి తవ్వే యంత్రాలు చేసే ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్. ఆయన గీసిన గీత వెంట్రుకంత కూడా పక్కకి జరగదు. మాట కూడా అలాగే ఉండాలంటారు. క్వార్టర్‌ని నేను పావలా అన్నప్పుడల్లా ఆయనకి కాలులో ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

"అది పావలా కాదు. క్వార్టర్."

"పాతికే కదండీ?"

"పాతిక సెంట్లు."

"మనది పాతిక పైసలు. పెళ్ళయి ఇంటిపేరు మారింది, అంతేగా. మనిషి అదే."

సరే, మెషిన్లు వెలేసిన ఆ పావలాని లాండ్రోమాట్ ఓనర్‌కి చూపించాను. అరిగి అరిగి చాకొలెట్ రేకులా పల్చబడింది. బరువు చాలకే మెషిన్లు తిప్పికొడుతున్నాయన్నమాట. "పట్టుకుపో తల్లీ, ఇది నా మెషిన్ల గొంతులు పాడుచేస్తోంది," అన్నాడాయన. నా పర్సులోంచి మంచి పావలా ఒకటి తీసి గల్లాలో వేసి, దీన్ని ఇంటికి తెచ్చాను.

మామూలు పావలా మీద ఒక పెద్దమనిషి తల ఉంటుంది. దీని మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంది. అటూ ఇటూ గోడలు, మధ్యలో గుమ్మం, ఆ గుమ్మంలో ఈవిడ ఒక చెయ్యి పైకెత్తి నిలుచుంది. ముఖం చెరిగిపోయింది. కాళ్ళ కింద ఒక పీట లాంటిది ఉంది. సంవత్సరం ఆ పీట మీద ఉండాలట. అక్కడ చేత్తో తడిమితే గాజుముక్కలా నున్నగా ఉంది.

మా అత్తగారు ఆ వేసవిలోనే మా దగ్గరికి వచ్చారు. వచ్చిన వారంలోనే వంటింటి కప్‌బోర్డ్‌లో పై అర ఖాళీ చేయించి దేవుళ్ళని సర్దేశారు. సీరియల్ డబ్బాలు కింది అరకి దిగాయి. నేను ఆ నాణేన్ని బల్ల మీద పెట్టగానే ఆవిడ కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఏదీ, ఇలా ఇవ్వు. ఇదేమిటే, అమ్మవారు గర్భగుడి గుమ్మంలో నిలబడ్డట్టు లేదూ?"

"పావలా అత్తయ్యా. అరిగిపోయింది."

"ఆ చేతిలో ఏమిటది?"

"డాలులా ఉంది."

"డాలుంటే దుర్గమ్మ." నాణెం తిప్పారు. వెనకవైపు రెక్కలు చాపి ఎగురుతున్న పెద్ద గద్ద ఉంది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "గరుత్మంతుడే. అయితే లక్ష్మీదేవే. డాలు ఈ దేశంలో దొంగల భయానికి పట్టుకుని ఉంటుంది."

డాలర్ల దేశంలో లక్ష్మీదేవికి ఆ మాత్రం సెక్యూరిటీ ఉండాలని నేనూ ఒప్పుకున్నాను. ఆ పూట నుంచి పావలా అమ్మవారు పై అరలో వెంకటేశ్వరస్వామి ఫొటో పక్కన కొలువైంది. రోజూ పొద్దున్నే పాదాలకి కుంకుమ. శుక్రవారం చింతపండుతో స్నానం. ఇత్తడి కుందులు, వెండి గిన్నె, పావలా, అన్నీ ఒక వరసలో. కొబ్బరిపీచు ఈ ఊళ్ళో దొరక్క, గిన్నెలు తోమే స్టీలు పీచుతో కానిచ్చేవారు.

*

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. నాకు కారు నడపడం రాదు. మాకున్నది ఒక్క కారు. అది పొద్దున్న మా ఆయనతో ఫ్యాక్టరీకి పోతుంది. నేను లాండ్రోమాట్‌కి నడిచి పోతాను. సాయంత్రం ఆయన వచ్చి ఎక్కించుకోవాలి. వేసవిలో నడక ఆరోగ్యమే. అరోరాలో చలికాలం నడక అంటే ప్రతి అడుగూ దేవుడి మీద భారం వేసి వెయ్యడమే.

డిసెంబర్‌లో ఒక సాయంత్రం ఓనర్ కొట్టు కట్టేసి వెళ్ళిపోయాడు. నేను బయట చూరు కింద నిలబడ్డాను. మా ఆయన రాలేదు. మంచు అడ్డంగా పడుతోంది. ఫోన్ బూత్ రోడ్డు అవతల ఉంది. అటు వెళ్తే ఆయన ఇటు వచ్చి వెళ్ళిపోతారేమోనని భయం. చేతిగ్లవుల్లో వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం మానేసింది. ఎదురుగా ఆడవాళ్ళు ఒక్కొక్కరే కార్లు స్టార్ట్ చేసుకుని, వైపర్లు ఆడించుకుంటూ, నన్నో కరెంటు స్తంభంలా దాటుకుని పోతున్నారు. వాళ్ళలో ఒకావిడ నాకన్నా పొట్టిది, సీటు మీద దిండేసుకుని మరీ కూర్చుంది. ఆవిడ వెళ్ళిపోతుంటే నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపు రావడం అరుదు. వచ్చినా ఆ చలికి గడ్డకట్టి రెప్పల మీదే ఆగిపోయింది.

చివరికి ఆయన వచ్చారు. "సారీ. ఓవర్‌టైమ్ ఇచ్చారు, ఫోన్ చేద్దామంటే ఇక్కడ కట్టేసి ఉంటుంది కదా."

"పర్లేదు. ఫ్రిజ్‌లో పెట్టిన సంగతి మర్చిపోయారు, అంతేగా. పాడైపోను లెండి."

కారులో హీటర్ వేడికి నోరు కాస్త కరిగాక అడిగాను. "నాకు డ్రైవింగ్ నేర్పించండి."

"చూద్దాం," అన్నారు.

మా ఇంట్లో 'చూద్దాం' అంటే కుదరదని అర్థం. వేసవి నుంచీ అదే జవాబు. ఆ రోజు వదల్లేదు నేను.

"ఏం చూస్తారు?"

"ఒక్క కారు. నువ్వు దేనికైనా గుద్దితే నేను డ్యూటీకి ఎలా వెళ్ళను?"

"నేను గుద్దనప్పుడు నా డ్యూటీకి ఎలా వెళ్తున్నానో ఎప్పుడైనా అడిగారా?"

ఆయన వైపర్ల వేగం పెంచారు. వెనక సీట్లో అత్తగారు కూడా లేరు ఎటో ఒకవైపు మాట్లాడటానికి. ఇంటికొచ్చి రసం పెట్టుకుని తాగి పడుకున్నాం.

*

జనవరి వచ్చింది. ఊరంతా వెండి పిచ్చి పట్టింది. ధర రోజుకో మెట్టెక్కుతోందని టీవీలో చెప్పేవారు. లాండ్రోమాట్‌కి వచ్చేవాళ్ళు బట్టల సంగతి మానేసి చిల్లర అంచులు పరీక్షించడం మొదలుపెట్టారు. కొత్త పావలా అంచున రాగి చార కనిపిస్తుంది. పాతదైతే అంచంతా తెల్లగా, వెండి. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక ముసలాయన బుధవారాలు వచ్చేవాడు. సంచీలో ఒకటే చొక్కా తెచ్చి, అది తిరుగుతున్నంతసేపూ నాతో కబుర్లాడేవాడు. ఆయనా చిల్లర తిరగేస్తుంటే నేను నవ్వాను.

"నా దగ్గరా ఒకటుందండీ, అంచు తెల్లగానే ఉంటుంది. గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషి. ఏ సంవత్సరమో తెలీదు, అరిగిపోయింది."

ఆయన చేతిలో చిల్లర అలాగే ఆగిపోయింది. "వెనకవైపు గద్ద ఉందా?"

"ఉంది."

"గద్ద కింద మూడు నక్షత్రాలున్నాయా?"

నాకు ఆ గరుత్మంతుడు బాగా గుర్తు. శుక్రవారం శుక్రవారం చూస్తున్నదేగా. "కింద ఏమీ లేవు."

అప్పుడు ఆయన చెప్పింది నేను నా సబ్బు ఇంగ్లీషులో అర్థం చేసుకున్నంత మేరకు ఇదీ. నక్షత్రాలు కిందుంటే తర్వాతి రోజుల నాణెం, మామూలుది. లేకపోతే అది ఆ బొమ్మతో వచ్చిన మొదటి ఏడాదిదైనా కావాలి, రెండో ఏడాదిదైనా కావాలి. అంటే పంతొమ్మిది వందల పదహారో పదిహేడో. పదిహేడైతే దాని వెండి ఎంతో దాని విలువ ఇంచుమించు అంత. పదహారైతే మాత్రం చాలా కొద్దిగా చేశారు, అరిగిపోయినది కూడా వందల డాలర్లు పలుకుతుంది.

"సంవత్సరమే చెరిగిపోయిందిగా. ఎలా తెలుస్తుంది?"

"ఆవిడ బట్టని బట్టి తెలుస్తుంది. పాదం పక్కన గౌను అంచు చూడాలి. ఆ రెండు ఏళ్ళలో అచ్చు కొంచెం మార్చారు. అంచు పడే తీరు మారింది. లైబ్రరీలో పుస్తకం ఉంటుంది, చూసుకో. ఎక్కడ దాచావు దాన్ని?"

"దాచలేదండీ, పూజ చేస్తున్నాం," అన్నాను. ఆయన జోక్ అనుకుని నవ్వాడు. నేను చెప్పేవాటిలో నిజాలకే ఎక్కువ నవ్వుతారు జనం.

*

మర్నాడు సాయంత్రం మా ఆయన్ని లైబ్రరీకి లాక్కెళ్ళి ఆ పుస్తకం తెచ్చాను. వంటింటి బల్ల మీద తెరిచి, పక్కన పావలా పెట్టి, ఆయన డ్రాయింగ్‌లు చూసుకునే భూతద్దం పట్టుకుని కూర్చున్నాం. అత్తగారు మా భుజాల మధ్య నుంచి తొంగిచూశారు. పుస్తకంలో కొత్త నాణెం ఫొటో పేజీ నిండా ఉంది.

"ఇదేనటే మన అమ్మవారు? అరగక ముందు ఇలా ఉండేదా?"

"ఇదే అత్తయ్యా."

ఆవిడ మరికాస్త వంగారు. "ఈవిడకి రవిక లేదేం?"

నిజమే. మా పావలా మీద అంతా అరిగిపోయి మర్యాదగా ఉంది గానీ, ఫొటోలో ఒకవైపు గుండె మీద ఏ ఆచ్ఛాదనా లేదు. మా ఆయన గబగబా పేజీ తిప్పారు. తర్వాతి పేజీలో అదే మనిషి, మెడదాకా ఇనప కవచం తొడుక్కుని ఉంది.

"చూశారా, రెండో ఏడాది మధ్యలో గవర్నమెంటే ఈవిడకి రవిక కుట్టించింది," అన్నాను. "కొలతలు సరిగ్గా తీసుకోలేదు, మరీ బిగుతు."

మా అత్తగారు మాత్రం తీర్పు చెప్పేశారు. "మా బామ్మా రవిక తొడుక్కోలేదు చివరిదాకా. ఆవిడకి అందరూ దణ్ణం పెట్టుకునేవారు. పర్లేదు." వెళ్ళి తన చపాతీల పిండి దగ్గర కూర్చున్నారు.

ఇక మేమిద్దరం మిగిలాం. పుస్తకంలో రెండు బొమ్మలు పక్కపక్కన వేసి, పాదం దగ్గర బాణం గుర్తులు పెట్టారు. మొదటి ఏడాది అచ్చులో అంచు ఒకలా వంగి పీట మీద పడింది, రెండో ఏడాది ఇంకొకలా. తేడా చీమ కాలంత. మా పావలా మీద ఏమీ కనిపించదనుకున్నాం. కానీ భూతద్దం పెడితే పాదం పక్కన సన్నటి ఎర్రగీత ఒకటి తేలింది. రోజూ పాదాలకి పెట్టిన కుంకుమ ఆ గాడిలో చేరి గట్టిపడింది. మా అత్తగారి పూజ అంచుకి రంగు దిద్దింది.

"పదహారు," అన్నాను.

"పదిహేడు," అన్నారాయన.

"సరిగ్గా చూడండి. అంచు ఇటు వంగింది."

"అటు వంగింది."

"కుచ్చిళ్ళు పోసి చీర కట్టేది నేనా మీరా? బట్ట ఎటు పడుతుందో నాకు చెప్తారా?"

"ఇది చీర కాదు. ఇది స్టీలు అచ్చు మీద చెక్కిన గీత. గీతలు నా పని. ఇది పదిహేడు."

నాకు చీర తెలుసు, ఆయనకి గీత తెలుసు. ఇద్దరికీ కొంచెం కూడా అనుమానం లేదు. ఒకే అరమిల్లీమీటరు చోటుని చూస్తూ ఇద్దరు మనుషులు ఇంత ధీమాగా విడిపోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"పందెం కాయండి," అన్నాను.

"ఏమిటి పందెం?"

"పదహారని తేలితే ఆ డబ్బులో నాకు వాటా వద్దు. డ్రైవింగ్ నేర్పించాలి. ఇక చూద్దాం అనకూడదు."

ఆయన భూతద్దం కింద పెట్టారు. తీరిగ్గా, ఒక్కో మాటా కొలిచి అన్నారు. "సరే. పదిహేడని తేలితే ఇక ఈ ఇంట్లో డ్రైవింగ్ మాట ఎత్తకూడదు. ఎప్పుడూ."

నవ్వుతూ కాసిన పందెమే గానీ ఆ 'ఎప్పుడూ' చెవిలో పడ్డాక నాకు మింగుడు పడలేదు. చపాతీలు కాలుస్తుంటే డిసెంబర్ చూరు కింద నిలబడ్డట్టే అనిపించింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. నా కళ్ళ మీద నాకు నమ్మకం.

*

శనివారం నాణేల షాపుకి వెళ్ళాలని నిర్ణయం. శుక్రవారం నేను పని నుంచి వచ్చేసరికి మా అత్తగారు సింకు దగ్గర చీర చెంగు దోపి నిలబడి ఉన్నారు. పక్కన చింతపండు గిన్నె, స్టీలు పీచు.

"రేపు నలుగురిలోకి వెళ్తోంది కదా అమ్మవారు. ముఖం మురికిగా వెళ్తే మనల్నేమనుకుంటారు? ఇవాళ నాలుగు పట్లు ఎక్కువ తోమాను. చూడు."

చూశాను. అరచేతిలో చిన్న చందమామ. అంత అరిగిన పావలా అంత మెరుస్తుందని నేననుకోలేదు. "వెండి అంటే ఇదీ అత్తయ్యా," అన్నాను. మా ఆయన వచ్చి చూసి, "బాగుందమ్మా, నీట్‌గా ఉంది," అన్నారు. ముగ్గురం సంతోషంగా భోంచేశాం. ఆ సంతోషంలో ఒక్కరికీ భూతద్దం గుర్తుకు రాలేదు.

శనివారం షాపు కిటకిటలాడుతోంది. వెండి స్పూన్లు, గిన్నెలు, చిల్లర సీసాలు పట్టుకుని జనం వరసలో ఉన్నారు. వరసలో అత్తగారి చీర మీద స్వెట్టర్, స్వెట్టర్ మీద మా ఆయన పాత కోటు. అమ్మవారు ఆవిడ చేతి రుమాల్లో. మా వంతు వచ్చింది. షాపాయన వయసైనవాడు, నుదుటి మీద ఒక కంటి అద్దం. ఆవిడ రుమాలు విప్పి ఇవ్వడానికి కొంచెం తటపటాయించారు, చెప్పులతో లోపలికి వచ్చామే అన్నట్టు.

ఆయన తీసుకుని ముందు వెనకవైపు చూశాడు. నక్షత్రాలు లేవు. అద్దం కంటికి దించాడు. ముందువైపు తిప్పాడు. దీపం దగ్గరికి జరిపాడు. పాదం దగ్గర ఆగాడు. చాలాసేపు ఆగాడు. నేను ఊపిరి బిగబట్టాను. పక్కన మా ఆయన కూడా బిగబట్టారని ఆయన కోటు బొత్తాలు చెప్పాయి.

"దీన్ని క్లీన్ చేశారా?" అడిగాడు షాపాయన.

ఆ ప్రశ్నలో మెచ్చుకోలు ఉందనుకున్నాను నేను. మా ఇళ్ళల్లో ఎవరైనా వస్తువు చూసి అలా అడిగితే, మీ చేతి పనే వేరండీ అని అర్థం. నిటారుగా నిలబడి, నా ఇంగ్లీషంతా కూడగట్టుకుని చెప్పాను. "యెస్ సర్. ఎవ్రీ ఫ్రైడే. నిన్న స్పెషల్‌గా చేశాం."

ఆయన అద్దం పైకి తోసేశాడు. ఎవరో పోయారని చెప్పే డాక్టర్‌లా ముందు ఒక నిట్టూర్పు విడిచాడు.

"అమ్మా, నాణెం మురికిగా ఉంటే మురికిగానే ఉండనివ్వాలి. ఎన్నో ఏళ్ళు చేతులు మారగా పట్టిన పొర అది. మీరు దాన్ని తీసేశారు. పొరతో పాటు పైనున్న లోహం కూడా పోయింది. ఇదిగో, అన్నీ పీచు గీతలే. మొదటి ఏడాదా, రెండో ఏడాదా అని చెప్పే చోటు ఈ పాదం పక్కన. ఇప్పుడు ఇక్కడ ఏమీ లేదు. నిన్న తెచ్చుంటే చెప్పగలిగేవాణ్ణేమో. ఇవాళ నేనే కాదు, నిజాయితీ ఉన్నవాడెవడూ ఇది ఫలానా అని సంతకం పెట్టడు."

"పదహారు కావచ్చా?" అడిగాను.

"కావచ్చు."

"పదిహేడు కావచ్చా?" అడిగారు మా ఆయన.

"అదీ కావచ్చు. వెండి కింద అయితే ఈ వారం ధర బాగుంది, ఇప్పుడే ఇస్తాను."

అత్తగారు కొడుకు మోచెయ్యి పట్టుకుని గుంజారు. "ఏమంటాడ్రా?"

"ఏ సంవత్సరం పుట్టిందో చెప్పలేనంటున్నాడమ్మా."

"ఆడదాని వయసు వీడికెందుకు?"

"కరిగించడానికి వెండి కింద కొంటాట్ట."

ఆ మాట విన్నాక ఆవిడ బల్ల మీదున్న పావలా తీసి రుమాల్లో కూడా పెట్టలేదు. నేరుగా కొంగున కట్టి ముడి బిగించారు. "అమ్మవారిని తూకానికి వేస్తారా ఎవరైనా? పద." షాపాయనకి తెలుగు రాదు గానీ, ఆ ముడి బిగించిన తీరు చూసి బేరం పోయిందని అర్థం చేసుకున్నాడు.

పీచు సంగతి ఆవిడకి మేము చెప్పలేదు. ఇద్దరం ముందు అనుకోకుండానే చెప్పలేదు. ఆయన అబద్ధం ఆడని మనిషి, నేను నోరు మూసుకోని మనిషి. ఇద్దరం కలిసి మౌనంగా ఉన్న సందర్భాలు మా కాపురంలో తక్కువ. అది ఒకటి.

*

కారులో కూర్చున్నాక ఆయన ముఖం తేలిగ్గా కనిపించింది. ఇంజన్ స్టార్ట్ చేస్తూ అన్నారు. "ఏదీ తేల్లేదు. పందెం క్యాన్సిల్."

"క్యాన్సిల్ అయితే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. నేను నేర్పించక్కర్లేదు."

"ఆగండి. మీరేమన్నారు గురువారం? పదిహేడని తేలితే మాట ఎత్తకూడదు అన్నారు. తేలిందా?"

"తేల్లేదు."

"తేలలేదు కాబట్టి ఎత్తొచ్చు. ఎత్తుతున్నాను. నాకు డ్రైవింగ్ నేర్పించండి."

ఆయన రోడ్డు వైపే చూస్తూ కొంతసేపు నడిపారు. తను గీసిన గీతలో తప్పు వెతుకుతున్నారని నాకు తెలుసు. దొరకదు. ఆయన గీతల్లో తప్పులుండవు.

"చూద్దాం," అన్నారు చివరికి.

"దానికీ షరతు ఉంది. పదహారని తేలితే చూద్దాం అనకూడదన్నాను నేను. తేల్లేదు కాబట్టి మీరు అనొచ్చు, ఒప్పుకుంటాను. మీరు రోజూ చూద్దాం అనండి, నేను రోజూ మాట ఎత్తుతాను. ఎవరు ముందు అలిసిపోతారో చూద్దాం."

వెనక సీట్లోంచి అత్తగారు, కొంగు ముడి పట్టుకునే ఉన్నారు, అడిగారు. "ఏమిట్రా గొడవ?"

"కారు నేర్చుకుంటుందటమ్మా."

"నేర్చుకోనీ. నీకెందుకు అంత బాధ?"

"ఒక్క కారు కదమ్మా, ఎక్కడైనా గుద్దితే..."

"నీకు సైకిలు నేర్పినప్పుడు మీ నాన్నదీ ఒక్క సైకిలే. రెండుసార్లు చక్రం వంకర చేశావు. ఆయన నడిచి ఆఫీసుకి వెళ్ళారు గానీ నిన్ను దిగమనలేదు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. హీటర్ వేడి అయి ఉండొచ్చు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. గెలుస్తున్నప్పుడు మాట్లాడకూడదనే ఒక్క జ్ఞానం నాకు ఆ రోజు ఎక్కణ్ణుంచో వచ్చింది.

ఆ తర్వాత నేను నా మాట నిలబెట్టుకున్నాను. పొద్దున్న కాఫీ ఇస్తూ ఎత్తాను. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగి, సరిపోయిందంటే, మరి డ్రైవింగ్ అని ఎత్తాను. లాండ్రోమాట్ నుంచి ఎక్కించుకున్నప్పుడు సీటుబెల్టు పెట్టుకోకముందే ఎత్తాను. ఆయన ఆ చలికాలం ఒక్కసారి కూడా ఆలస్యంగా రాలేదు, ఓవర్‌టైమ్ ఇచ్చినా మధ్యలో వచ్చి నన్ను దింపి వెళ్ళేవారు. అది నాకు సగం గెలుపులా అనిపించాలి. అనిపించలేదు. దింపుతుంటే దిగడం వేరు, నా అంతట నేను వెళ్ళి రావడం వేరు. అది కూడా ఆయనకి చెప్పాను, నవ్వకుండా చెప్పాను. నవ్వకుండా నేను చెప్పే మాటలు తక్కువ గనక ఆయన ఆ రోజు చపాతీ తుంచుతున్న చెయ్యి ఆపి విన్నారు.

మంచు కరిగాక ఒక ఆదివారం, భోజనాలయ్యాక, "పద," అన్నారు. ఎక్కడికని అడగలేదు నేను. అత్తగారు కూడా కోటేసుకున్నారు. "నువ్వెందుకమ్మా?" అంటే, "ఇంట్లో ఒక్కదాన్నీ ఏం చెయ్యను?" అన్నారు.

ఫ్యాక్టరీ పార్కింగ్ లాట్ ఆదివారం ఖాళీ. గోదావరి ఎండిపోతే కనిపించే ఇసక మేటంత చోటు. మా ఆయన దిగి అటువైపు వచ్చి కూర్చున్నారు. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. జేబులోంచి మడతపెట్టిన కాయితం తీశారు. దాని మీద మా కారు బొమ్మ, పైనుంచి చూసినట్టు, పక్కనుంచి చూసినట్టు, బాణాలతో సహా గీసి ఉంది. రాత్రి నేను పడుకున్నాక గీశారన్నమాట.

"ఇది గేరు. పీ, ఆర్, ఎన్, డీ. పీ అంటే..."

"నాలుగు అక్షరాలేగా. ఎనిమిదో తరగతి సగం చాలు దీనికి."

"జోక్స్ తర్వాత. బ్రేక్ మీద కాలు పెట్టు. పెట్టావా? ఇప్పుడు డీలోకి లాగు. మెల్లిగా వదులు. మెల్లిగా అన్నాను."

కారు కదిలింది. అంత పెద్ద వస్తువు నా కాలు చెప్పిన మాట విని కదిలింది. అమెరికాలో అప్పటిదాకా నా మాట విన్నది సబ్బుపొడి డబ్బా ఒక్కటే, అదీ దెబ్బలకి. లైట్ల స్తంభం ఒకటి ఎడమవైపు వచ్చింది, నేను కుడికి తిప్పాను, అది వెనక్కి పోయింది. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. మా ఆయన కాయితం నలిపేశారు చేతిలో, తెలియకుండానే. ఆయన కుడికాలు కింద ఏమీ లేని చోట బలంగా నొక్కుతోంది.

"ఇవాళ్టికి చాలు," అన్నారు. "ఇక ఆపు."

వెనక సీట్లో కిటికీ అద్దం సగం దించుకుని కూర్చున్న అత్తగారు ముందుకి వంగి నా భుజం తట్టారు.

"ఆపకమ్మాయ్. గాలి బాగుంది."

నేను ఆపలేదు.